డిసెంబరు మచ్చలు

ఇజ్రాయేల్ స్టూలు మీద వంగి కూర్చుని, బూటు ముందుభాగాన్ని బొటనవేలితో నొక్కి, "జర లేచి నడిచి చూడుండ్రి సార్" అన్నాడు. అబిడ్స్‌లోని ఆ చెప్పుల దుకాణంలో ఇరవై రెండేళ్లుగా ఆయన పని అదే. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆయన్నే అడిగి వచ్చే బేరాలు అందుకే ఎక్కువ.

మధ్యాహ్నం డబ్బా విప్పే ముందు, వెనక గదిలో చొక్కా చేతులు పైకి లాగి మోచేతులు చూసుకున్నాడు. నున్నగా ఉన్నాయి. ఆయనకు భయమేసింది.

రేపు పంతొమ్మిది. పదకొండేళ్ల కిందట, 1992లో, అదే రోజు క్రిస్మస్ బేరాల రద్దీలో దుకాణానికి రెండుసార్లు ఫోన్ వచ్చింది. భార్య ఎమిలీకి గుండెలో నొప్పి అని. "ఈ ఒక్క బేరం చూసుకొని వస్తా" అన్నాడు రెండుసార్లూ. నాంపల్లిలో ఇల్లు చేరేసరికి ఎమిలీ లేదు. ఏడ్చే మగాణ్ణి నమ్మకూడదంటారు కదా, ఇజ్రాయేల్ ఏడవలేదు. కానీ ఏటా డిసెంబరు రాగానే, తేదీ ఆయనకు గుర్తుకు రాకముందే, మోచేతుల మీదా మోకాళ్ల మీదా ఎర్రటి మచ్చలు లేచేవి. వాటి నుంచి తెల్లటి పొలుసులు రాలుతుండేవి. సోరియాసిస్ అన్నారు. ఎందుకు రాలేదని అడగడానికి ఎమిలీయే ఆ మచ్చలై వచ్చిందని ఆయన అనుకునేవాడు.

సాయంత్రం డాక్టర్ శ్రీపతి దగ్గరికి వెళ్లాడు.

"ఈసారి లేవలే సార్. ఎందుకు లేవలే?"

డాక్టరు నవ్వాడు. "బాధను దిగమింగుకుంటే ఒంట్లో హార్మోన్లు అదుపు తప్పుతాయి. చర్మం వాచి మంటెక్కుతుంది. జూన్ నుంచి నేనిస్తున్న స్టెరాయిడ్ గోలీలు కూడా అలాంటి హార్మోనే, ఆ వాపును అణిచిపెట్టాయి. మీ అంతట మీరు ఆపకండి. మీ శరీరం ఆ హార్మోన్ సొంతంగా తయారుచేసుకోవడం మానేసి ఉంటుంది. ప్రాణం మీదికొస్తుంది."

"ఔ సార్" అన్నాడు. కానీ ఎమిలీ రాకుండా పోతుందేమోనన్న బెంగ ముందు ఆ మాట నిలవలేదు. నాలుగు రోజులే కదా, ఆమె వచ్చిపోయాక మళ్లీ మింగుతాననుకుని గోలీలు ఆపేశాడు.

ఇరవై రెండో తేదీ పొద్దున ఇంటి ఓనరు జంగమ్మ తలుపు తోసేసరికి, వాంతులతో వాడిపోయి గజగజ వణుకుతున్నాడు. ఆమె తన నల్ల గొంగడి తెచ్చి కప్పింది. ఇజ్రాయేల్ చెయ్యి బయటికి తీసి ఎర్రగా లేచిన మోచేయి చూపించాడు.

"లేటైంది గని వచ్చిందక్కా, ఎమిలీ."

"ఏం మాటలు తమ్మీ గవి. దవాఖానకు పోదాం, జర ఆగు."

ఆమె ఆటో మాట్లాడుకుని వచ్చేసరికి ఆయన పోయాడు.

మెదక్ నుంచి చుట్టాలొచ్చి సామాను తీసుకెళ్లాక, జంగమ్మ గొంగడిని దులపడానికి ఎత్తి, చేతులు రాక, మడిచి అలాగే మంచం మీద పెట్టింది. నల్ల ఉన్నిలో తెల్లటి పొలుసులు ఇంకా అంటుకునే ఉన్నాయి.