మంచె ఎత్తు మడి

సియాకి మూడో వరస కొబ్బరి మొద్దును భుజంతో నెట్టి సరిచేస్తున్నాడు. అది కిందిదాని మీద కుదురుగా కూర్చునేదాకా ఊపిరి బిగబట్టి, ఆ తర్వాత రెండు చేతులూ దానికి ఆనించి నిలబడ్డాడు. ముప్పై ఒక్క ఏళ్లు తరావా దీవి రేవు గిడ్డంగిలో బియ్యం బస్తాలు మోసిన ఒళ్లు. ఎడమ భుజం కుడిదానికంటే రెండు వేళ్లు కిందికి జారి ఉంటుంది. మెడ వెనక చర్మం మడతలు పడి, ఎండకి కమిలి నల్లబడింది.

"ఇంకో వరస పడాలి," అంది కయేవా మంచె మీది నుంచి.

గోడల్లేని ఆ మంచె మీదే మొగుడూ పెళ్లాల తిండీ నిద్రా. చక్కెర జబ్బు వల్ల కిందటేడు ఆమె కుడికాలు మోకాలి దిగువన తీసేశారు. అప్పటినుంచి ఆమె సొంతంగా మంచె దిగలేదు. నవ్వడం కూడా మానేసింది. అన్నం తగ్గించి ఆకుకూరలు తినమంది నర్సు. ఓడలో వచ్చే ఆకుకూరలు కొట్టుకి చేరేసరికే పసుపెక్కిపోతాయి. ఇంటి చుట్టూ చూస్తే పగడపు గులకరాళ్లు, మూరెడు తవ్వితే ఉప్పునీళ్లు. అందుకే కూర్చున్నచోటి నుంచే ఆమెకి చెయ్యి అందేలా, మంచెని ఆనించి మడి కడుతున్నాడు.

"ఇది చాలదా? నీ చేతులేమైనా పొట్టివా?"

"వంగితే కింద పడతాను. పడితే ఎత్తాల్సింది నువ్వే, చూసుకో మరి."

"రెండు బస్తాల బరువున్నావు. ఎత్తలేనా?"

"అబ్బో! పెళ్లప్పుడు అరబస్తా అన్నావే!"

సియాకి ఆమె వంక చూశాడు. కాలు పోయాక ఆమె వేళాకోళమాడటం ఇదే మొదలు. నాలుగో మొద్దు కోసం వెళ్లాడు.

అడుగున కొబ్బరి డొక్కలు పరిచాడు. వాటి మీద తుప్పుపట్టిన చేపల డబ్బాలు రాయితో నలిపి చల్లాడు. ఇనుము తగలకపోతే ఆకు పాలిపోతుందని చేమదుంపలు పెంచే గుంట దగ్గర నాన్న చెప్పేవాడు. ఆ పైన ఎండాకు. పక్కింటి బ్వేనావా రెండు బకెట్ల పందిపేడ తెచ్చి దింపాడు.

"అన్నా, మా పందులు నెలరోజులు కష్టపడ్డాయి. దండం పెట్టి పుచ్చుకో."

సియాకికి ఇద్దరన్నలు, ఇద్దరూ ఓడల్లో పనికి వెళ్లినవాళ్లే. పరాయి రేవుల నుంచి రేడియోలు, కుట్టుమిషన్లు పంపేవాళ్లు. నాన్న దగ్గర ఒకడుండాలి కనక ఇతను ఉండిపోయాడు. ఒక ఏడు పెద్దపోటు వచ్చి సముద్రం చేమగుంటలోకి దిగింది. దుంపలన్నీ కుళ్లాయి. మరుసటేడు నాన్న పోయాడు. ఆ వారమే సియాకి గిడ్డంగిలో చేరాడు. ఏమవ్వాలనుకున్నావని అతన్ని ఎవరూ అడగలేదు. అతనూ చెప్పలేదు.

మధ్యాహ్నం తోపుడుబండి తీసుకుని ఆ పాత గుంట దగ్గరికే వెళ్లాడు. గట్టు మట్టి చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాడు. ఉప్పు. ఉమ్మేసి నాలుగడుగులు జరిగాడు. మళ్లీ ఉప్పే. తూర్పు గట్టు పైన మాత్రం మట్టి నల్లగా, చప్పగా ఉంది. తాతల నాటి నుంచి ఆకులు మోసి పోసిన మట్టి అది. అయిదుసార్లు బండి నింపి తెచ్చాడు. నాలుగోసారి దారి పక్కన చాలాసేపు కూర్చున్నాడు.

పొద్దు వాలేసరికి మడి అంచుదాకా నిండింది. కయేవా చిటికెడు తీసుకుని నాలుకకి తాకించుకుంది.

"ఉప్పు లేదు. మీ నాన్న మట్టి కదూ?"

తలూపాడు.

"గింజలు వేసేద్దామా?"

"రేపు వేద్దాంలే. అలిసిపోయానే కయేవా."

మడి పక్కన చాప పరుచుకుని, మొద్దుకి తల ఆనించి పడుకున్నాడు. ఆమె మణికట్టుదాకా చెయ్యి మట్టిలోకి దూర్చింది. వెచ్చగా ఉంది. ఇటు క్యాబేజీ, అటు తోటకూర అని తనలో తనే లెక్కేసుకుంది.

"గుమ్మడి ఏ చివర పెడదాం? కిందికి పాకాలి కదా!"

అతను పలకలేదు. నిద్రపోయాడనుకుని గొంతు తగ్గించింది. కాసేపటికి అతని పెదవి మీద ఈగ వాలింది. తోలలేదు. ఇంకోటి వాలింది.

ఆమె కేక విని బ్వేనావా పరుగెత్తుకొచ్చేసరికి కయేవా మంచె దిగి ఉంది. గులకరాళ్ల మీద ఎలా పాకిందో మోచేతులు చెక్కుకుపోయాయి. సియాకి తల ఆమె ఒళ్లో ఉంది.

మూడోరోజు ఇంటి పక్కనే పాతిపెట్టారు. తవ్విన కొద్దీ తెల్లరాళ్లే. పూడ్చడం అయ్యాక బ్వేనావా పార పట్టుకుని మడి దగ్గర తచ్చాడాడు.

"వదినా, పైన నాలుగు గంపలు ఈ మట్టి పోద్దామా? అన్నని ఒట్టి రాళ్ల కింద వదల్లేకపోతున్నాను."

"ముట్టుకోకు," అంది. "అది మోసి మోసే పోయాడు. అందులో మొక్క లేవాలి."

అందరూ వెళ్లాక మంచె అంచున కూర్చుని గింజలు ఒక్కొక్కటే వేలితో నొక్కింది. గుమ్మడి గింజలు అతను పడుకున్న వైపు పెట్టింది. ఒంటికాలు మడి మొద్దుకి ఆనించి, దోసిలితో నీళ్లు చిలకరించింది.

ఇంటి వెనక కొబ్బరిచెట్టు మీద, ప్రాణం పోయిన రోజు తెల్లవారుజామున అతను కట్టి దిగిన కల్లు సీసా, దించేవాళ్లు లేక నిండి పొంగి, మూతి చుట్టూ నురుగు ఎండి, గాలికి ఊగుతోంది.