జమీందారు మాత్ర

చొక్కా ముందుపట్టీని తొడ మీద పరుచుకుని ఆయన మూడో కాజా మొదలుపెట్టాడు. గుడ్డకు చీలిక పెట్టి, దాని అంచుల చుట్టూ ముడి పక్కన ముడి వేసుకుంటూ పోవడమే ఆయన పని. మిషను అదే పని కన్ను మూసి తెరిచేలోగా చేసేస్తుంది. అయినా కొందరు షోకిలారాయుళ్ళకు చేతి కాజాలే కావాలి కాబట్టి ఆ దర్జీ దుకాణంలో ఆయనకొక పీట మిగిలింది. కోటు బాగుందని మెచ్చుకున్నవాళ్ళున్నారు గానీ, కాజా బాగుందన్నవాడు ఇంతవరకూ పుట్టలేదు. ఆయనకా చింతా లేదు. పెళ్ళి మాటెత్తిన ప్రతివాళ్ళతోనూ చూద్దాం లెమ్మని అంటూ, చూస్తూ చూస్తూనే జుట్టు నెరిపించుకున్న మనిషి.

ఇంట్లో ఆయనా, భర్త పోయాక తమ్ముడి దగ్గరికొచ్చేసిన అక్కా, జమీందారూ ఉంటారు. జమీందారంటే కుక్క. పొట్ట కిందికి దిగి, తినడమూ పడుకోవడమూ తప్ప వేరే వ్యాపకం లేకుండా పోయాక దుకాణంలో గుడ్డలు కత్తిరించే కటింగ్ మాస్టరు పెట్టిన పేరది. నీళ్ళు బకెట్లకొద్దీ తాగేది. తాగినవన్నీ గదిలోనే వదిలేది. వీపు మీద బొచ్చు రాలి చర్మం పలచబడింది. ముసలితనం అనుకున్నారంతా. పశువుల డాక్టరమ్మ మాత్రం రక్తం పరీక్ష చేసి, దీన్ని కుషింగ్స్ జబ్బంటారనీ, ఒంట్లో ఒక రసం అవసరానికి మించి ఊరడం వల్లే ఇంత ఆకలీ దాహమూ అనీ చెప్పి, ఆ ఊటను తగ్గించే మాత్రలు రాసింది.

“జబ్బు పోదండీ, అదుపులో ఉంటుంది. తిండితోపాటే వెయ్యండి. తినని పూట మాత్రం వెయ్యకుండా నాకు చెప్పండి. ఊట మరీ తగ్గిపోతే ప్రాణం మీదికొస్తుంది,” అంది.

ఆయన ఇంటికొచ్చి తిండితోపాటే వెయ్యాలన్న ముక్క అక్కకు చెప్పాడు. రెండో ముక్క చెప్పలేదు. జమీందారు తినని పూటంటూ ఒకటి వస్తుందని కలలో కూడా అనుకోలేదు మరి. నోటికందితే చెప్పులు కూడా మిగల్చని రకం అది. మాత్ర మంచి పని చేసింది. దాహం తగ్గింది, పొట్ట తగ్గింది, తోకకు మళ్ళీ హుషారొచ్చింది.

ఎండెక్కుతుండగా అక్క వచ్చింది. వంటయ్యాక ఆయన డబ్బాతోపాటు జమీందారునీ దుకాణంలో దిగబెట్టి పోవడం ఆవిడకు రోజూ ఉన్నదే. ఇవాళ ముఖం వెలిగిపోతోంది.

“ఒరేయ్, మనవాడికి బుద్ధొచ్చిందిరా! రాత్రి సగమే తిన్నాడా, పొద్దున గిన్నె వాసన చూసి అటు తిరిగి పడుకున్నాడు. మందు బాగా పట్టినట్టుంది.”

ఆయన చేతిలో సూది ఆగిపోయింది. “మరి మాత్ర?”

“ఎందుకు మానేస్తాను? నోరు తెరిచి గొంతులోకి తోశాను. నా బీపీ మాత్ర ఒక్కరోజైనా తప్పానా, వాడిది తప్పిస్తానా?”

జమీందారు ఎప్పటిలా పీట పక్కనున్న గుడ్డపీలికల మీదికి రాలేదు. గుమ్మంలోనే కాళ్ళు వణికి కూలబడింది. ఆయన కాజాను సగంలో వదిలేసి లేచాడు. అలా వదలడం ఆ దుకాణంలో ఎవరూ ఎరగరు. రోజూ కుక్కకంపని సణిగే కటింగ్ మాస్టరు మారుమాట్లాడకుండా ఆటోను పిలిచాడు.

డాక్టరమ్మ సెలైన్ పెట్టింది, ఇంజక్షన్లు చేసింది. అక్కను బయట బెంచీ మీద కూర్చోమన్నారు. ఆయన బల్ల పక్కన నిలబడి జమీందారు చెవుల వెనక నిమురుతూ ఉన్నాడు. మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి బల్ల మీదికి వచ్చేసరికి దాని ఊపిరి నెమ్మదించింది. ఇంకా నెమ్మదించి ఆగిపోయింది. ఆయన మరికాసేపు నిమురుతూనే ఉన్నాడు.

“పొద్దున మాత్ర వెయ్యకపోయుంటే బతికేవాడా అమ్మా?”

“చెప్పలేనండీ,” అంది డాక్టరమ్మ మెల్లిగా. “బతికేవాడేమో.”

బయట అక్క రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటికేసే చూస్తోంది. “ఈ చేత్తోనే తోశానురా,” అంది.

చెప్పని రెండో ముక్క ఆయన నోటిదాకా వచ్చింది. తప్పు నాదంటే ఆవిడ ఒప్పుకోదు. తమ్ముడి తప్పు కూడా కలిపి తన నెత్తినే వేసుకుంటుంది. చిన్నప్పట్నించీ అంతే. ఆవిడ పక్కన కూర్చున్నాడు.

“మాత్రకీ దీనికీ ఏ సంబంధమూ లేదన్నారక్కా. గుండె ఎప్పుడో పాడైపోయిందట.”

“నిజంగా అన్నారా?”

“నా మీదొట్టు.”

పుట్టి బుద్ధెరిగాక ఆయన పెట్టిన మొదటి దొంగ ఒట్టు అది. అక్క తమ్ముడి భుజం మీద తల ఆన్చి అప్పటికి ఏడ్చింది.

కాసేపటికి డాక్టరమ్మ వచ్చి, జమీందారు ఒంటి మీంచి విప్పిన కోటు మడిచి అక్క చేతికిచ్చింది. బొచ్చులేని వీపుకు చలెయ్యకుండా మిగులు గుడ్డలతో ఆయన కుట్టింది. పొట్ట తగ్గినప్పుడల్లా గుండీని కొంచెం కొంచెం లోపలికి జరిపి కుడుతూ వచ్చాడేమో, విప్పేసిన పాత కుట్ల సూదిబెజ్జాలు గుడ్డ మీద వరసగా కనిపిస్తూనే ఉన్నాయి.