ఎరెనా చేతితొడుగు

ఎరెనా చేతిలోని రేడియోలో టిక్కుల వేగం పెరిగింది. కివి పిట్ట కాలికి కట్టిన యంత్రం నుంచి వచ్చే ఆ చప్పుడు, పిట్ట తిరుగుతున్నంతకాలం నింపాదిగా కొట్టుకుంటుంది. ఒక రోజంతా కదలకపోతే గబగబా కొట్టుకుంటుంది.

"ఒరేయ్ పాఓరా, తాత పోయాడురా!" అంది వెంట ఉన్న పినతండ్రి కొడుకుతో.

తాత అంటే గుడ్లు పొదుగుతున్న మగ కివి. తొమ్మిదేళ్లుగా ఈ లోయ జనం ఉచ్చులు పెట్టి, ముంగిసల్లాంటి ఫెర్రెట్లను పట్టి, ఎగరలేని ఆ వెర్రిబాగుల పిట్టల్ని కాపాడుకొస్తున్నారు. అందరిలోకీ మొండిది ఎరెనా. కివిని చంపిన కుక్క బతకకూడదని సభలో పట్టుబట్టిందీ ఆవిడే, ముందు చెయ్యెత్తిందీ ఆవిడే. పోయినేడు ఆ తీర్మానానికే బలైంది పాఓరా కుక్క. కిక్కురుమనలేదు పాపం వాడు.

ఆవిడ కుక్క పాంగోకి మాత్రం తాడు లేదు. కివి వాసన తగిలితే పారిపోవాలని నేర్పి, పరీక్ష పెట్టి పట్టా ఇచ్చారు దానికి. ఏది దొరికినా తెచ్చి, ఆవిడ తెరవబోయే ఉచ్చు పెట్టె ముందు పెట్టడం దాని సరదా.

శబ్దం వెంట పోతే, నలభయ్యో పెట్టె ముందు పడున్నాడు తాత. ఒంటిమీద ఒక్క పంటిగాటు లేదు. కివి రొమ్ము ఎముక ఎంతని, కుక్క మెత్తగా కరుచుకున్నా ప్రాణం పోతుంది. పక్కనే, మొన్నటినుంచీ ఎరెనా వెతుకుతున్న చేతితొడుగు.

ఎరెనా పాక్కుంటూ వెళ్లి, తాత గుడ్లు పొదిగే బొరియలో చెయ్యిపెట్టింది. గుడ్లు రెండూ చల్లబడిపోయాయి.

"అక్కా, ఫెర్రెట్ పనని రాసేద్దాం. నువ్వూ చూళ్లేదు, నేనూ చూళ్లేదు" అన్నాడు పాఓరా.

దెప్పినా భరించేది. వాడు జాలిపడటమే భరించలేకపోయింది.

"నీ కుక్కకి... నువ్వే చేశావట్రా?"

"నేనే. చివరిదాకా నా చెయ్యి నాకుతూనే ఉంది."

"పోనీ ఇంకెవరితోనైనా..."

"ఎవరు చేసినా అంతే అక్కా."

అంతలో పాంగో తోకాడించుకుంటూ వచ్చి, తొడుగు నోట కరిచి తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టింది. మెచ్చుకుంటుందని మొహంలోకే చూస్తోంది. ఏం చెయ్యాలో తోచక ఎరెనా ఆ తొడుగు తొడుక్కుంది. రోజూ అలవాటైన మాట, ఆపుకోబోయినా ఆగలేదు.

"నా బంగారు తండ్రే" అంది.