పదకొండో నిమిషం

నాలుగో నిమిషంలో పెళ్లికూతురు మళ్లీ ఆగిపోయింది.

చర్చి గుమ్మంలో ఒక కాలు పైకెత్తి, ముసుగు సర్దుకుంటూ ఎలీసబెతు కంప్యూటర్ తెరమీద బిగుసుకుపోయింది. కింద బూడిదరంగు గడిలో ఇంగ్లీషు అక్షరాలు. చోటు లేదని వాటి అర్థం. పొద్దుటినుంచి అయిదుసార్లు వచ్చాయి. చోటెందుకు లేదు? కొత్త హార్డ్‌డిస్కు బిగించి వారమైనా కాలేదు.

మొగులప్పకు యాభై రెండేళ్లు. బక్కమనిషి. ఏ క్షణాన్నైనా లేచి పరిగెత్తేవాడిలా కుర్చీ అంచున కూర్చుంటాడు. టూరింగ్ టాకీసులో ఇరవై రెండేళ్లు మెషిన్ పక్కన నిలబడ్డ అలవాటది. టాకీసు మూతపడ్డాక నారాయణఖేడ్‌లో ఈ స్టూడియోలో చేరి పెళ్లి వీడియోలు అతుకుతున్నాడు.

"అయిదింటిదాక సూస్త," అన్నాడు యజమాని సంగప్ప గుమ్మంలోంచే. "క్యాసెట్ అయితే సరే. లేకుంటే రేపటికెల్లి గా జహీరాబాద్ ఆపరేటరే నీ కుర్సీల కూసుంటడు."

"అయితది సేట్."

"పొద్దుగాలకెల్లి గిదే అంటున్నవ్."

మొగులప్ప మెనూలన్నీ ఒక్కొక్కటే తెరిచాడు. చివరికి ఒకచోట, ఎక్కించిన వీడియో ఎక్కడ దాచాలో చెప్పే గడి దొరికింది. అందులో 'సి' అని ఉంది. సి అంటే పాత డిస్కు. కొత్తది 'డి'. పక్కన బంగ్లా ఖాళీగా ఉంటే ఇన్నాళ్లూ గూట్లోకి కుక్కుతున్నారన్నమాట! మార్చాడు. కెమెరా క్యాసెట్ వెనక్కి తిప్పి మళ్లీ ఎక్కించడం మొదలుపెట్టాడు. ఎలీసబెతు గుమ్మం దాటింది. నాలుగు, ఆరు, తొమ్మిది...

పదకొండో నిమిషంలో ఆగింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ అక్కడే.

పెళ్లికూతురి తల్లి రిబ్కమ్మ వచ్చింది. సాయంత్రం బస్సుకు బీదర్ వెళ్లే బిడ్డ చేతిలో క్యాసెట్ పెట్టాలని ఆమె తొందర.

"ఏంది మొగులప్పా, నా బిడ్డ ఇంకా పాదిరి ముందట్నే నిలవడ్డదా? పెండ్లన్న జల్దీ అయింది గదనయ్యా!"

"కాళ్లు గుంజుతయేమో, కుర్సీ ఏస్త తియ్యక్కా."

నవ్వాడు. లేచి బల్లనుంచి గుమ్మానికి, గుమ్మంనుంచి బల్లకు తిరిగాడు. చోటుంది. అయినా పదకొండు దాటదు. పది, పదకొండు... ఈ లెక్క ఎక్కడిది?

రీలు!

టాకీసులో ఒక్కో రీలు అంతే నడిచేది. ఎంత పెద్ద సినిమా అయినా ముక్కలు చేసే చుట్టేవారు. ఒకటి అయిపోతుండగానే పక్క మెషిన్‌లో రెండోది ఎత్తుకునేవాడు. నేలమీద కూర్చున్న జనానికి అతుకే తెలిసేది కాదు.

డిస్కు కొట్టులాంటిది, పెద్దదే. అందులో ఒక్కో ఫైలు బస్తాలాంటిది, ఇంతకుమించి పట్టదు.

ఈసారి పదో నిమిషంలో తనే ఆపాడు. కొత్త పేరు పెట్టి రెండోది మొదలుపెట్టాడు. అలా ఆరుసార్లు. తెచ్చుకున్న రొట్టె విప్పనే లేదు. అన్నీ వరుసగా అతికి క్యాసెట్‌లోకి దించేసరికి అయిదుకు పది నిమిషాలుంది.

సంగప్ప వేసి చూశాడు. ఎక్కడా తెగలేదు. రిబ్కమ్మ క్యాసెట్‌ను కొంగులో చుట్టుకుని బస్ డిపోవైపు పరిగెత్తింది.

"పనోనివే," అన్నాడు సంగప్ప. తర్వాత గొంతు సవరించుకుని, "గా జహీరాబాద్ ఆయనకు మాటిచ్చిన. సర్టిఫికెట్ ఉన్నోడు. నువ్వు ఇగ షాదీలల్ల లైట్ పట్టు," అన్నాడు.

"ఎప్పుడిచ్చినవ్ సేట్?"

"నిన్న."

మొగులప్ప తలూపాడు. ఎలా చేశావని సంగప్ప అడగలేదు. మొగులప్ప కుర్చీ అంచున కూర్చుని జేబులోంచి ఏదో తీసి, దానిమీద నాలుగు ముక్కలు రాసి కీబోర్డు కింద దోపాడు. కంప్యూటర్‌కు గుడ్డ కప్పి, తన ఊరు నాగల్‌గిద్దకు బస్సెక్కాడు. లైటు పట్టడానికి రాలేదు. జీతానికీ రాలేదు.

మర్నాడు కొత్త ఆపరేటర్ వస్తూనే కీబోర్డు ఎత్తి బల్లంతా శుభ్రంగా తుడిచాడు. ఇంకో పెళ్లి ఎక్కించాడు. పదకొండో నిమిషంలో పెళ్లికొడుకు తాళి పట్టుకుని ఆగిపోయాడు.

"డిస్కే ఖరాబున్నది," అన్నాడు ఆపరేటర్.

చెత్తబుట్టలో ఒక బస్సు టికెట్టు బోర్లా పడి ఉంది. దాని వెనక వంకర అక్షరాలు: పది నిమిషాలకు ఆపు, కొత్త రీలు ఎత్తు.