గుండు పడవెక్కిన పూట

వ్యాను దిగిన కుక్క ముందు సరస్సును వాసన చూసింది. తాగబోయి, ఉప్పగా తగలడంతో నాలుక విదిల్చింది. సుదర్శనం తాడు కొసను రెండు వేళ్లతో పట్టుకుని ఒడ్డున నిలబడ్డాడు. ఇద్దరి మధ్య బారెడు తాడు ఉంది. ఆ కుక్క ఇంటికి వచ్చాక తామిద్దరూ ఇంతకంటే దగ్గరగా నిలబడిన సందర్భం అతనికి గుర్తు రాలేదు.

కుక్క పేరు గుండు. కోడెదూడంత ఉంటుంది. పిల్లగా ఉన్నప్పుడు తలమీద పుండు లేస్తే పశువుల డాక్టరు అక్కడ బొచ్చంతా గొరిగేశాడు. ఆ రోజు నుంచి సుదర్శనం భార్య వకుళాదేవి దాన్ని అలాగే పిలిచేది. ఆమె ఈ ఎండాకాలంలో పోయింది. ఆస్పత్రి మంచం మీద నగల గురించీ చెప్పలేదు, కర్మల గురించీ చెప్పలేదు. "దాన్ని మాత్రం కట్టేయొద్దండి" అంది. అతను సరేనన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఎలా ఉన్నాడో, ఇప్పుడూ అలాగే ఉన్నాడు. మధ్యలో జరిగినవన్నీ పక్కింట్లో జరిగినట్టు వినపడ్డాయి, అంతే.

తిరుపతిలో ఇల్లు ఖాళీ చేసి తమ్ముడి ఇంటి పైవాటాకు మారాలి. అక్కడ కుక్కకు చోటు లేదు. వడమాలపేటలో రైసుమిల్లు వాళ్లు గేటు దగ్గర గొలుసు వేసి ఉంచుకుంటామన్నారు. ఇరకం దీవి నుంచి కృపామణి ఫోను చేసింది. వకుళాదేవి ఆ దీవి బడిలో టీచరుగా ఉన్నప్పుడు కృపామణి పక్కనే అంగన్‌వాడీ నడిపేది. తర్వాత కూడా తిరుపతికి వచ్చినప్పుడల్లా ఆమెనూ కుక్కనూ చూసి వెళ్లేది. "అక్క కుక్కను గొలుసుకేస్తారా? ఈడికి తెచ్చేయన్నా" అంది. కాబట్టి ఈ నీళ్లు దాటితే గుండుకు గొలుసు ఉండదు. దాటకపోతే వ్యాను ఇటునుంచి ఇటే వడమాలపేటకు పోతుంది.

పడవ ఒడ్డుకు కాస్త దూరంలో, మోకాలి లోతు నీళ్లలో ఆగి ఉంది. కుప్పయ్య, పడవ నడిపేవాడు, కుక్కను చూసి బీడీ తీసేశాడు.

"దీని పేరేంది సామీ?"

"గుండు."

"కొండకు పోయి మొక్కు తీర్చుకొని వచ్చినాదా?"

పడవలో కూరగాయల గంపతో కూర్చున్న ఆమె నవ్వింది. "ముందు మేమంతా దిగాల కుప్పయ్యా. అప్పుడుగాని అది పట్టదు."

సుదర్శనం ముందుగా పడవెక్కాడు. అంచు దగ్గరకు వచ్చి చెయ్యి చాపి, "రా" అన్నాడు. అప్పటిదాకా నీళ్లలో కడుపు తడిసేలా తిరుగుతున్న గుండు ఆగిపోయింది. అతను ఇంకొంచెం వంగాడు. అది ఒక అడుగు వెనక్కి వేసింది.

"భయం దానికి, నీళ్లంటే" అన్నాడు కుప్పయ్య. బిస్కెట్ చూపించాడు. కుక్క అతని చేతిలోంచి మర్యాదగా తీసుకుని తిన్నది. తాడు పట్టి లాగితే పడవ దాకా వచ్చింది కూడా. అంతలో సుదర్శనం సాయం పట్టబోయాడు. అంతే, మెడ తాడు బిగుసుకున్నా లెక్క చెయ్యకుండా వెనక్కి వెనక్కి పోయి, వ్యాను తలుపుకు నడుం తగిలాక ఆగింది. అక్కడ తల దించుకుని, ఒళ్లంతా రేకుకు అంటించుకుని నిలబడింది.

"నీ కుక్కేనా సామీ ఇది?" అంది గంప ఆమె. "నిన్ను జూస్తే పోలీసును జూసినట్టు జేస్తాండాదే."

అది అలా నిలబడటం తను ఎరిగినదే అనుకున్నాడు సుదర్శనం. ఎక్కడ? వంటింటి వసారాలో. తెల్లవారుజామున అతను బావి దగ్గర స్నానం చేసి, తడిపంచెతో, నామాలతో దేవుడి గదికి వచ్చేటప్పుడు వకుళాదేవి లోపలినుంచి "మడి" అనేది. కుక్క లేచి గోడకు అంటుకుపోయేది. కొన్నాళ్లకు ఆమె అనడం కూడా మానేసింది. పంచె చూస్తే చాలు, అది తనంతట తనే జరిగేది. అది తనకు భయపడుతోందని అతను అనుకున్నాడు. ఎవరైనా అడిగితే, దానికి నేనంటే పడదు అని చెప్పేవాడు కూడా. కానీ అది చేసింది భయం కాదు. ఇంట్లో తన వంతు మడి అది పాటించింది, అతని కంటే శ్రద్ధగా.

ఈ రోజు కూడా అతను తడిపంచె కట్టుకునే బయలుదేరాడు. దారిలో అది ఒంటిమీదే ఆరింది. నిజానికి ఆ పంచెతో ఇప్పుడు పని లేదు. గర్భగుడిలో సేవ చేసేవాడికి భార్య బతికి ఉండాలన్నది వాళ్ల చిన్న పెరుమాళ్ గుడి ఆచారం. ఆమె పోయాక ఆ సేవ అతని చేతిలోంచి తమ్ముడికి వెళ్లింది. అయినా తెల్లవారితే చేతులు పంచెను తడుపుతాయి, పిండుతాయి, కడతాయి. చేతులను చూస్తూ కూర్చునే మనిషి వేరే ఎవరో ఉన్నట్టు ఉంటుంది.

"కుప్పయ్యా, నీకాడ లుంగీ ఉండాదా?"

"ఉండాది. చేపల కంపు కొడతాది సామీ."

"కొట్టనీప్పా."

అతను వ్యాను చాటుకు వెళ్లి లుంగీ చుట్టుకున్నాడు. పంచెను ఉండచుట్టి సీటు మీద పడేశాడు. వంగి, సరస్సు నీళ్లతో నుదురు కడుక్కున్నాడు, తర్వాత భుజాలు, ఛాతీ. పొద్దు ఎక్కకముందే నామం చెరపడం ఇదే మొదటిసారి. ఏదో ఒకటి అనిపిస్తుందని ఎదురుచూశాడు. కళ్లు మండాయి. అది ఉప్పునీళ్ల మంట. అంతకుమించి ఏమీ లేదు.

కుక్క దగ్గరకు నడిచాడు. అది లుంగీని వాసన చూసింది. అతని ముఖంలోకి చూసి, మళ్లీ లుంగీని వాసన చూసింది. జరగలేదు. అతను చెయ్యి దాని వీపు మీద పెట్టాడు. పైన మెత్తగా కనిపించే బొచ్చు లోపల గరుకుగా ఉంది. ఒళ్లు వేడిగా ఉంది. ఆ వేడి అరచేతికి తెలిసింది గాని, అక్కడినుంచి పైకి రాలేదు.

"ముందు కాళ్లు అంచుమీద పెట్టించు సామీ" అని కుప్పయ్య పడవ ఊగకుండా పట్టుకున్నాడు. "ఎనక తొడల కింద చెయ్యేసి ఎత్తు. పొట్ట పట్టుకుంటే కరుస్తాది."

సుదర్శనం ఒక్కో పంజా పట్టి పడవ అంచు మీద పెట్టాడు. వెనక్కి వచ్చి రెండు చేతులూ తొడల కింద వేసి ఎత్తాడు. మనిషి బరువు ఉంది. సగం లేచాక అతని కాలు బురదలో జారింది. కుక్క బరువంతా అతని ఛాతీ మీద పడింది. అది కొట్టుకోలేదు, కదలకుండా కాచుకుంది. అతను ఊపిరి పట్టి మళ్లీ ఎత్తాడు. గుండు దబ్బుమని పడవలో పడింది.

"నా వంకాయలు" అంది గంప ఆమె, గంపను ఒళ్లోకి లాక్కుంటూ. తర్వాత ఒక వంకాయ చూపించి, "తింటాదా?" అని అడిగింది. దానికి ఏమిష్టమో అతనికి తెలియదు.

దారంతా కుక్క అతని కాళ్ల మీద కూర్చుంది. కాళ్లు తిమ్మిరెక్కినా అతను కదపలేదు. దూరంగా తెల్లగా కొంగల బారు లేచి మళ్లీ అక్కడే వాలింది.

ఇరకం రేవులో కృపామణి నీళ్లలోకి ఎదురొచ్చి నిలబడింది. దిగడం ఎక్కడం కంటే కష్టమైంది. పడవ ఊగుతుంటే గుండు అంచు దాకా వచ్చి వెనక్కి తగ్గింది. అతను ముందుగా నీళ్లలోకి దిగి భుజం ఇచ్చాడు. కుక్క ముందు కాళ్లు రెండూ అతని భుజాల మీద వేసి, గడ్డం అతని మెడ వెనక ఆనించింది. అతను వెనక కాళ్లు అందుకుని కిందికి దింపబోయి అలాగే ఉండిపోయాడు.

"దించు సామీ, ఇంగ" అన్నాడు కుప్పయ్య.

దించాడు. కృపామణి దాని చెవులు నిమిరింది. "బక్కచిక్కినావు కదరా" అంది. ఆమె దానితోనే అందో, అతనితో అందో.

"కట్టెయ్యవు గదా?" అన్నాడు సుదర్శనం.

"యాడికి పోతాదన్నా, నాలుగు దిక్కులా నీళ్లేనే."

కుప్పయ్య మనుషుల్ని ఎక్కించుకున్నాడు. సుదర్శనం పడవ వైపు నడిచాడు. గుండు వెంట నడిచింది. అతను ఎక్కి కూర్చున్నాడు. అది నీళ్లలో నిలబడి, ముందు కాళ్లు రెండూ తనే అంచు మీద పెట్టి, వెనకనుంచి ఎవరో ఎత్తుతారని కాచుకుంది.

"ఈపూటకు కట్టెయ్యాలన్నా" అంది కృపామణి నెమ్మదిగా. "లేకపోతే ఈదుకుంటా వచ్చేస్తాది. లోతుకొచ్చినాక దమ్ము సాలదు. ఒక్క పూటే, పడవ కనపడకుండా పోయేదాకా."

కుప్పయ్య అప్పటికే కుక్క మెడ తాడు కొసను ఆమెకు అందిస్తున్నాడు. కృపామణి అతని ముఖం వైపు చూస్తోంది. ఒక్క పూటే. వకుళాదేవికి ఇచ్చిన మాటలో పూటల లెక్క ఏమీ లేదు. తనకు బాధగా ఉందా అని సుదర్శనం లోపల వెతుక్కున్నాడు. అక్కడ ఎవరూ లేరు. అంచు మీది రెండు పంజాల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"నువ్వు పోప్పా" అన్నాడు కుప్పయ్యతో.

"మళ్లీ సాయంత్రానికే సామీ పడవ. ఆ పూటైనా అది ఇట్లానే జేస్తాది."

"చెయ్యనీ."

"వ్యాను ఆడ కాచుకోనుండాదే."

"పొమ్మని చెప్పు."

"ఇంగ నా లుంగీ?"

"ఉండనీ నాకాడనే."

అతను మళ్లీ నీళ్లలోకి దిగాడు. పంజాలు దించాడు. ఇంజను మోగింది. కృపామణి ముందు నడుస్తూ, రాత్రికి ఎక్కడ పడుకుంటాడో, తమ ఇంట్లో వండింది తింటాడో తినడో తేల్చుకోలేనట్టు రెండుసార్లు వెనక్కి చూసింది.

"దానికి ఏమిష్టం కృపమ్మా?" అని అడిగాడు సుదర్శనం.

"పెరుగన్నం" అంది ఆమె. "అక్క కలిపితేనే తినేది. చూద్దాం రా."