లతీను ఉపవాసం

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. ఏదో ఒక ఆదివారం మా అత్తమ్మ చర్చిలో పడిపోతుంది, పక్కన నేనుండను.

మేము ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో కిరాయికి ఉంటాం. అత్తమ్మ సవరమ్మ పినపాక దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటుంది. బీపీ గోలి రోజూ పొద్దున్నే వేసుకోవాలి. ఆదివారం మాత్రం వేసుకోదు. ఆమె చిన్నప్పుడు పూజ లతీను భాషలో జరిగేది. సత్ప్రసాదం తీసుకునేవాళ్ళు అర్ధరాత్రి నుంచి నీళ్ళు కూడా ముట్టేవాళ్ళు కాదు. పూజ తెలుగులోకి వచ్చింది, ఆ కట్టుబాటూ పోయింది. అత్తమ్మకు పోలేదు. ఫాదర్ ఊరూరా పూజ చేసుకుంటూ వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. పోయిన ఎండాకాలం కళ్ళు తిరిగి గోడకు ఒరిగిపోయింది.

మా ఆయనకు ఆదివారమూ డ్యూటీనే. దగ్గే పిల్లను చంకనేసుకుని, ఎస్టీడీ బూత్ నుంచి అత్తమ్మ పక్కింటికి ఫోన్ చేసేది నేనే.

“గోలి ఏసుకున్నవా అత్తమ్మా?”

“పూజకు పోయేదాన్ని మింగమంటవేంది?”

“ఇప్పుడు గట్ల లేదని ఫాదర్ చెప్పిండు గదా.”

“గాయన మొన్న పుట్టిండు. ఏడో తరగతి కాడ బడి ఇడిచినదానివి, నాకు పూజ నేర్పుతవా?”

ఫోన్ పెట్టేసేదాన్ని.

పిల్ల జ్ఞానస్నానానికి ఊరికి పోయినప్పుడు ఊరూరా తిరిగే ఆ జకర్యా ఫాదర్‌తోనే చెప్పుకున్నాను. ఆయన అత్తమ్మ మందుచీటీ అడిగి, గోలి పేరు పక్కనున్న ‘ఓడీ’ అక్షరాల మీద వేలు పెట్టాడు.

“సవరమ్మా, డాక్టరు లతీను రాసిండు. ఓమ్నీ దియే. ప్రతి దినం అని.”

“డాక్టరుకు లతీను వస్తదా?”

“డాక్టరన్న మాటే లతీనమ్మా. నర్సు, ఆస్పత్రి, అన్నీ ఆ ఇంటియే. మా కోసం వేడుకోమని నువ్వు చదివే ‘ఓరా ప్రో నోబిస్’కు చుట్టాలు. దేశాలు తిరిగి తిరిగి నీ నోట్లెకు వచ్చినయ్.”

అత్తమ్మ చీటీని కళ్ళకద్దుకుంది. “గీ ముక్క నువ్వెందుకు చెప్పలే?” అని నన్నే గుడ్లురిమి చూసింది. ఆ తర్వాత ఆదివారాలు గోలి వేసుకుంది.

జకర్యా ఫాదర్‌కు బదిలీ అయింది. ఆమె మళ్ళీ గోలి లేని ఉపవాసం మొదలుపెట్టింది. ఫోన్లో నేను ‘ఓమ్నీ దియే’ అంటే, “నీ నోట్ల అది లతీను గాదు” అంటుంది. ఇప్పుడు పక్కింటి ఫోనూ మోగడం లేదు.

ఆదివారం మీరు పినపాక వైపు పోతే, చర్చిలో తెల్ల ముసుగుతో ముందు కూర్చునే సవరమ్మను చూడండి. “ఓమ్నీ దియే” అని కాస్త గట్టిగా అనండి. ఆమె గోలి మింగేదాకా నీళ్ళ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడండి.