గది వెనక హుక్కు

"పొయ్యి గట్టు నీకు ఎంత ఎత్తుండాలెనో చెప్పు. మిగిలింది మేం చూస్కుంటం," అన్నాడు ఉపేందర్.

టిఫిన్ బండి మీది పెనం తోముతున్న అతని భార్య సంతోషి తలెత్తలేదు. కొత్త పికప్ మీద గది కట్టించాలని ఆ ఇంట్లో నెల రోజులుగా ముచ్చట్లు నడుస్తున్నాయి. అన్నిట్లోకీ ఆమెను అడిగిన మాట ఇదొక్కటే.

గదంటే పికప్ వెనక తొట్టిలో కూర్చోబెట్టే రేకుల గది. పడకలు, నీళ్ల ట్యాంకు, పొయ్యి, అన్నీ అందులోనే. కావాలంటే దింపేసి పికప్‌ను కిరాయికి తిప్పుకోవచ్చు. జాతరలకు, యాత్రలకు అందులోనే పోవాలని ఉపేందర్ ఆశ. ఇరవై రెండేళ్లుగా బొగ్గు బాయిలో, భూమి కింద పనిచేస్తున్న మనిషికి నాలుగు ఊర్లు చూడాలనిపించడం తప్పేం కాదు. అయితే ఆ ఊళ్లన్నిట్లో వండేదెవరు? పోయినసారి మేడారంలో నాలుగు రోజులు పదకొండు మందికి వండిపెట్టిన సంతోషి, గద్దెల ముందు నిలబడింది పావుగంట. "నీ చేతి కూర తింటే అలసటే తెల్వలేదు బిడ్డా," అంది అత్త పోశవ్వ. ఎవరి అలసట అని అడగబోయి, ఆ మాటను నోట్లోనే మింగేసింది. అడిగితే నోరు పెద్దదంటారు. అడక్కపోతే ఓపిక పెద్దదని మెచ్చుకుంటూ ఇంకో ఇద్దరిని భోజనానికి పిలుస్తారు.

ఆమెకు గది మీద పేచీ లేదు. తన టిఫిన్ బండిని తగిలించి లాక్కుపోవడానికి ఆ గది వెనక ఒక హుక్కు కావాలి, అంతే. రోజూ తెల్లారకముందే గ్యాస్ సిలిండరు, పిండి గిన్నెలు నింపిన టిఫిన్ బండిని కిలోమీటరున్నర ఒక్కతే తోసుకుంటూ బాయి గేటుకు పోతుంది. మొదటి షిఫ్టుకు ఉపేందర్ పోయేదీ ఆ గేటుకే. మోటారు సైకిల్ మీద వస్తూ, పక్కకు జరగమని హారన్ కొట్టి మరీ దాటిపోతాడు. ఆ హారన్ వింటే ఆమెకు ఒళ్లు మండిపోతుంది. ఇంకో ఏడాది ఇట్లాగే తోస్తే కుడి చెయ్యి పైకి లేవదని దవాఖానలో చెప్పారు. ఆ సంగతి ఇంట్లో చెబితే "మరి బండి బంద్ చెయ్," అన్నారు. పికప్‌కు కట్టుకుని పోదామని ఒక్కరూ అనలేదు.

ఆదివారం గది కట్టే లింగమూర్తి షెడ్డుకు అందరూ వెళ్లారు. అతను పెద్ద గదిదొకటి, చిన్న గదిదొకటి, రెండు బొమ్మలు చూపించాడు.

"అన్నా, పెద్దదానికి హుక్కు వస్తదా?" అడిగింది సంతోషి.

"పెట్టచ్చు గని లాభం లేదక్కా. తొట్టి దాటి మూడడుగులు ఎనుకకు వస్తది. హుక్కు దాని కిందికి పోతది. మలుపు తిప్పంగనే నీ బండి పోయి దానికే తాకుతది. బరువు గూడ ఎక్కువ, మాటిమాటికి దింపుడు గాదు. చిన్నదైతే ఫికర్ లేదు, తొట్టిలనే సరిపోతది."

"చిన్నదాంట్ల ముగ్గురే పడ్తరు. మేమెక్కడ పండాలె?" అన్నాడు ఉపేందర్ అన్న రాజం.

"పెద్దదే రాయి మూర్తన్నా. ఆమెకేం తెలుసు," అన్నాడు ఉపేందర్.

ఎప్పుడో జాతరకొచ్చే బావ పడకకు ఉన్న విలువ ఆమె భుజానికి లేదు. ఏడుపొచ్చింది. ఏడిస్తే అదో ముచ్చటవుతుందని పళ్లు బిగించుకుంది.

"ఓనర్ సంతకం కావాలె," అన్నాడు లింగమూర్తి. ఉపేందర్ పెన్ను కోసం చెయ్యి చాచాడు. లింగమూర్తి పికప్ ఆర్సీ తిప్పి చూసి, "నీది గాదన్నా. అక్క పేరుంది," అన్నాడు.

ఆ కాలనీలో అదొక అలవాటు. కంపెనీ కొలువులో ఉన్నవాళ్లు కిరాయి బండి కొంటే భార్య పేర రాయిస్తారు. ఎవరైనా ఆరా తీస్తే నాది కాదని చెప్పుకోవడానికి.

"పెట్టు, జల్ది," అంటూ ఉపేందర్ పెద్ద గది బొమ్మను ఆమె ముందుకు తోశాడు.

సంతోషి దాన్ని పక్కన పెట్టింది. చిన్న గది బొమ్మ తీసుకుని, కింద 'హుక్కుతో' అని రాసి సంతకం చేసింది. రాజం గొంతు సవరించుకున్నాడు.

"దోసెల బండి గుంజుకుంట గేటు కాడికి పోతే నలుగురు నవ్వరా?" అన్నాడు ఉపేందర్ చిన్న గొంతుతో.

ఆమె పెన్ను లింగమూర్తికి తిరిగిచ్చింది.

"నవ్వితే, పికప్ నాది గాదు, మా ఆమెదని చెప్పు. అబద్ధమైతే గాదు."